ప్రవర నుంచి అభిరుచికి: గోదావరి సీమలో ఆత్మపరిచయ చరిత్ర – బాపు, రమణల హాస్యం

వ్యాససంగ్రహం:
తనను తాను లోకానికి పరిచయం చేసుకొనే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. గోత్రం, వంశం, గ్రామం చెప్పుకోవడంతో మొదలైన ఆ పద్ధతి ఇరవయ్యో శతాబ్దపు పత్రికాయుగంలో ఇష్టాయిష్టాలు చెప్పుకోవడంగా మారింది. గోదావరి సీమలో పుట్టి మద్రాసులో స్థిరపడిన రచయిత ముళ్ళపూడి వెంకటరమణ, చిత్రకారుడు బాపు ఈ మార్పును హాస్యంతో నడిపించారు. వారి ఆత్మపరిచయాలను జీవితచరిత్రకు ముడిసరుకుగా మాత్రమే చదివితే వాటిలోని చరిత్ర జారిపోతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అన్నవరం వ్రతసంకల్పం, శ్రీనాథుని అవతారిక, అడివి బాపిరాజు నవల, 'బుడుగు', 'కోతికొమ్మచ్చి' ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: ఆత్మపరిచయం, ప్రవర, అభిరుచి, హాస్యం, బాపు, ముళ్ళపూడి వెంకటరమణ, అడివి బాపిరాజు, అన్నవరం.

1. సంకల్పంలో మనిషి చిరునామా

అన్నవరం రత్నగిరి మీద వ్రతమండపాల్లో కూర్చున్న ప్రతి దంపతులూ కథ వినడానికి ముందు తమను తాము పరిచయం చేసుకోవాలి. ఆ పరిచయం బ్రహ్మకల్పంతో మొదలవుతుంది. మన్వంతరం, యుగం, ద్వీపం, వర్షం, మేరువుకు ఏ దిక్కు, శ్రీశైలానికి ఏ దిక్కు, ఏ నదుల నడుమ అన్న క్రమంలో కాలదేశాలు రెండూ కుదించుకుంటూ వచ్చి, సంవత్సరం, మాసం, తిథి దాటిన తరువాత గాని మనిషి వంతు రాదు. వచ్చినప్పుడు కూడా ముందు గోత్రం, ఆ తరువాతే పేరు. భార్య భర్త పేరుకు సమేతంగా వస్తుంది. విశ్వంలో తన స్థానం చెప్పుకోవడానికి ఇంతకంటె సమగ్రమైన చిరునామా లేదు. అయితే ఆ మనిషికి ఏమి ఇష్టమో అందులో ఎక్కడా ఉండదు.

అన్నవరం ఆలయం అతిప్రాచీనమైనది కాదు. గోర్స కిర్లంపూడి జమీందారు రాజా ఐ.వి. రామనారాయణం ఆధ్వర్యంలో 1891లో ఇక్కడ సత్యనారాయణస్వామి ప్రతిష్ఠ జరిగింది. ఆలయాన్ని 1933–34లో పునర్నిర్మించారు. తీరం వెంబడి కటకం నుంచి బెజవాడ దాకా రైలుమార్గం 1893–96 మధ్య తెరుచుకొంది. గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తయింది. అంటే దేవుడు, రైలు దాదాపు ఒకే దశకంలో ఈ కొండ దగ్గరికి వచ్చారు. నీటిపారుదల లెక్కలో అన్నవరం డెల్టాకు చెందదు, అది పంపానది ఒడ్డు. అయినా డెల్టా కుటుంబాల్లో పెళ్ళయిన జంట మొదటి ప్రయాణం ఇక్కడికే అన్నంతగా అది ఆ సీమ జీవితంలో కలిసిపోయింది.

ఈ వ్రతంలో ఒక విశేషం పరిశోధకుల దృష్టికి రావలసి ఉంది. గోత్రనామాలు చెప్పుకొని కూర్చున్న శ్రోతలు వినే కథలో మొదట వ్రతం చేసినవారికి గోత్రాలు లేవు. కాశీలో బిచ్చమెత్తుకొనే ఒక పేద బ్రాహ్మణుడు, కట్టెలమ్ముకొనే ఒక మనిషి, వీరిద్దరూ కథలోకి స్థితితోను, వృత్తితోను ప్రవేశిస్తారు. వారి ప్రసక్తి మళ్ళీ జన్మాంతర వృత్తాంతంలో, అయిదవ అధ్యాయం చివరనే. ఒకే పీటల మీద రెండు రకాల పరిచయ పద్ధతులు పక్కపక్కన ఉన్నాయన్నమాట. ఒకటి వంశం చెబుతుంది. రెండవది చేసే పని చెబుతుంది. మూడవది, ఇష్టం చెప్పేది, సాహిత్యంలో వెదకాలి.

2. శ్రీనాథుని మాట

తెలుగు కావ్యాల అవతారికలు, ఆశ్వాసాంత గద్యలు చాలావరకు ఈ సంకల్పానికి సాహిత్యరూపాలు. తండ్రి ఎవరు, గురువు ఎవరు, ఏ దైవం అనుగ్రహం, ఏ రాజు ఆశ్రయం అన్న ప్రశ్నలకు సమాధానాలే అవి. వీరేశలింగం కవుల చరిత్రను నిర్మించగలిగాడంటే ఈ సమాధానాలు అంత క్రమంగా లభించడం ఒక కారణం. మన సాహిత్యచరిత్ర రచన ఈ అలవాటును నేటికీ వదలలేదు. పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథాల్లో రెండవ అధ్యాయం 'జననం, వంశం, విద్యాభ్యాసం' అని మొదలైతే, అది తిక్కన సోమయాజి గద్యకు దూరపు చుట్టమే.

ఈ క్రమంలో శ్రీనాథుడు కొంచెం అడ్డం తిరుగుతాడు. రాజమహేంద్రవర రెడ్డిరాజుల కాలంలో ఆయన రచించిన భీమేశ్వరపురాణం బెండపూడి అన్నయమంత్రికి అంకితం. బెండపూడి పేరు గల గ్రామం నేటికీ అన్నవరానికి సమీపంలో ఉంది. ఆ కావ్యావతారికలో తన భాష గురించి లోకం ఏమనుకొంటుందో శ్రీనాథుడు చెబుతాడు. ప్రౌఢిని చూసి కొందరు సంస్కృతమంటారట, నుడికారాన్ని చూసి కొందరు తెలుగంటారట. ఎవరేమనుకొన్నా తనకు లోటు లేదని భుజాలెగరేసి, తన కవిత్వానికి మూడవ భాష పేరు పెట్టి తప్పుకొంటాడు. 'కర్ణాట భాష' అన్న ఆ మాటకు అర్థమేమిటన్న చర్చ చాలా జరిగింది. ఆ చర్చలో పడి మనం గమనించనిది, ఆ పద్యపు కంఠస్వరం. కవి తన గురించి ఇతరులు వేసిన లెక్కలను వరుసగా అప్పజెప్పి, చిరునవ్వుతో వాటిని రద్దు చేస్తున్నాడు. గోదావరి హాస్యానికి ఇది తొలి పాఠమని చెప్పడం సాహసం కావచ్చు, కాని ఆ ధోరణి అదే.

శ్రీనాథునికి ఆపాదించే చాటువులు మరో అడుగు ముందుకు వేస్తాయి. పల్నాటి జొన్నకూడు మీద, అక్కడి నీటి కొరత మీద ఉన్న విసుర్లు ఆయనవేనా అన్నది పాఠచరిత్రకారుల సమస్య. ఆయనవి కాకపోతే విషయం మరింత ఆసక్తికరం. తరతరాల తెలుగువారు ఒక కవిని ఊహించుకోవడానికి ఆయన తండ్రి పేరు చాలక, ఆయన నాలుకను కల్పించుకొన్నారు. సన్నబియ్యం తినే మనిషికి జొన్నకూడు ఎదురైతే ఏమంటాడో, అదే శ్రీనాథుడు. రుచి అన్న పదం నాలుక నుంచి మనసుకు ప్రయాణించిన దారి ఇక్కడ కనిపిస్తుంది.

3. కూల్డ్రే శిష్యులు

రచన, చిత్రలేఖనం రెండూ ఒక్క చేతిలో కలవడం ఆధునిక గోదావరి సీమలో రాజమండ్రి ఆర్ట్స్ కళాశాల ఆవరణలో జరిగింది. 1909 నుంచి 1919 దాకా అక్కడ ప్రిన్సిపాలుగా ఉన్న ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా రచయిత, చిత్రకారుడు. స్వదేశానికి వెళ్ళిన తరువాత 'సౌత్ ఇండియన్ అవర్స్' అనే పుస్తకాన్ని 1924లో తన బొమ్మలతోనే ప్రకటించాడు. ఆయన చేరదీసిన విద్యార్థుల్లో దామెర్ల రామారావు బొంబాయి వెళ్ళి చిత్రకళ నేర్చి, 1925లో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే మశూచితో మరణించాడు. కవికొండల వెంకటరావు కవి అయ్యాడు. అడివి బాపిరాజు (1895–1952) రెండూ అయ్యాడు.

బాపిరాజు ఆత్మకథ రాయలేదన్న లోటును ఆయన నవలలు కొంత తీరుస్తాయి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని 'వేయిపడగలు'తో పంచుకొన్న 'నారాయణరావు'లో నాయకుడి వంశం, ఆస్తి, సంప్రదాయం ఉన్నాయి. అయితే పాఠకుడికి జ్ఞాపకముండే నారాయణరావు సంగీతం వినే, శిల్పాలు చూసే, యాత్రలు చేసే నారాయణరావు. అభిరుచులే అతని వ్యక్తిత్వం. బాపిరాజు న్యాయశాస్త్రం చదివి భీమవరంలో ప్లీడరీ చేశాడు, బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలు అయ్యాడు, హైదరాబాదులో 'మీజాన్' పత్రికకు సంపాదకుడయ్యాడు. ఈ ఉద్యోగాల జాబితా కంటె ఆ నవలే ఆయనను బాగా పరిచయం చేస్తుంది. కాని అందులో వ్యంగ్యం తక్కువ. బాపిరాజుకు తన ఇష్టాల మీద అంతులేని గౌరవం ఉంది. వాటిని చూసి తానే నవ్వుకొనే దూరం ఆయనకు అవసరం కాలేదు, బహుశా ఆ తరానికే అవసరం కాలేదు. జాతీయోద్యమ కాలంలో కళాభిరుచి ఒక దీక్ష.

ఆ దూరం పక్కనే మరో వర్గంలో తయారవుతూ ఉంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 'గణపతి' నవలలో నాయకుడి పూర్వీకుల కథను తీరిగ్గా చెప్పుకొస్తాడు. వంశకీర్తనను వంశహాస్యంగా తిప్పిన రచన అది. రాజమండ్రిలో లెక్కల మాస్టారైన భమిడిపాటి కామేశ్వరరావు మధ్యతరగతి మర్యాదల్లోని డొల్లతనాన్ని ఆ మర్యాద భాషలోనే చూపించాడు. రమణకు ఇంటి దగ్గరి పెట్టుబడి ఇదే.

4. ఆనకట్ట నుంచి ఆంధ్రపత్రిక దాకా

ముళ్ళపూడి వెంకటరమణ 1931 జూన్ 28న ధవళేశ్వరంలో జన్మించాడు. తండ్రి ఉద్యోగం గోదావరి ఆనకట్ట కార్యాలయంలో. 1852లో పూర్తయిన ఆ ఆనకట్ట డెల్టాకు రెండు పంటలను, ఆ పంటలు చదువులను, ఆ చదువులు పత్రికా పాఠకులను ఇచ్చాయని ఆర్థిక చరిత్రకారులు చెప్పే వరుసలో రమణ పుట్టిన ఇల్లు సరిగ్గా మొదటి మెట్టు మీద ఉంది. ఆ సమృద్ధి ఆ ఇంటికి మాత్రం అందలేదు. చిన్నతనంలోనే తండ్రి పోవడంతో కుటుంబం మద్రాసు చేరింది. ఆయన రచనల్లో ఆకలి, అద్దె, అప్పు నవ్వులుగా మారడానికి వెనుక ఉన్నది ఈ కాలం.

సత్తిరాజు లక్ష్మీనారాయణ, అంటే బాపు, 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టాడు. ఇద్దరూ మద్రాసులో బాల్యంలోనే కలిశారు. న్యాపతి రాఘవరావు నడిపిన 'బాల' పత్రికలో 1945లో రమణ తొలి కథ అచ్చయింది. బాపు న్యాయశాస్త్ర పట్టా తీసుకొని 1955లో 'ఆంధ్రపత్రిక'లో కార్టూనిస్టుగా చేరాడు. బాపిరాజు, బాపు ఇద్దరూ లా చదివి బొమ్మలు వేసినవారే. తెలుగు చిత్రకళకు న్యాయశాస్త్రం చేసిన ఈ సేవ మీద ఎవరూ సిద్ధాంతవ్యాసం సమర్పించినట్టు లేదు.

వారపత్రిక ఈ చరిత్రలో కీలకమైన సంస్థ. రచయిత, చిత్రకారుడు, సంపాదకుడు ఒకే కార్యాలయంలో కూర్చొని, తమను ఎన్నడూ చూడని వేలమంది పాఠకులతో వారంవారం మాట్లాడే అవకాశం అది కల్పించింది. ఆ పాఠకుడికి రచయిత గోత్రంతో పని లేదు. రచయితకూ పాఠకుడి గోత్రం తెలియదు. ఇద్దరికీ మధ్య ఉమ్మడి నేల అంటూ ఉంటే అది ఒక జోకు, ఒక సినిమా, ఒక పాట. పత్రికల 'కలంస్నేహం' శీర్షికల్లో పేరు, వయసు, చిరునామా తరువాత 'అభిరుచులు' అన్న గడి చేరింది. అవే పత్రికల పెళ్ళి ప్రకటనల్లో మాత్రం గోత్రం, నక్షత్రం, పాదం చెక్కుచెదరలేదు. స్నేహానికి అభిరుచి, సంబంధానికి ప్రవర అన్న విభజన అచ్చుకాగితం మీదనే జరిగిపోయింది.

5. బుడుగు తన పేరు చెప్పిన తీరు

1950ల రెండవ భాగంలో 'ఆంధ్ర సచిత్ర వారపత్రిక'లో రమణ రచనగా, బాపు బొమ్మలతో వచ్చిన 'బుడుగు' తెలుగులో అత్యంత ప్రసిద్ధమైన ఆత్మపరిచయం. రచన అంతా ఒక పిల్లవాడు తనను తాను పరిచయం చేసుకోవడమే. తన పేరుతో మొదలుపెట్టి అమ్మానాన్నలు రాధాగోపాలాలు, బామ్మ, బాబాయి, పక్కింటివారు, చదువు చెప్పే మాస్టారు అని లోపలి నుంచి బయటికి పోతాడు. వ్రతసంకల్పం విశ్వం నుంచి మనిషి దగ్గరికి వస్తే, బుడుగు మనిషి నుంచి వీధిలోకి వెళతాడు. అక్కడ మనిషి చివరి గడి, ఇక్కడ మొదటి అక్షరం.

ఇందులో హాస్యం ఎక్కడ పుడుతుందో చూడాలి. పక్కింటి పాప అసలు పేరు శ్రీజ్ఞానప్రసూనాంబ. శ్రీకాళహస్తిలోని అమ్మవారి పేరు, నోరారా పలకవలసిన పేరు. పిల్లవాడి నోట్లో అది 'సీగానపెసూనాంబ' అవుతుంది. పెద్దలు కూర్చిన నామగౌరవం ఉచ్చారణలో కరిగిపోయి, దాని స్థానంలో ఒక ఇష్టం మిగులుతుంది. ఆ అమ్మాయి అంటే వాడికి ఇష్టం, అంతే. పేరు వంశానిది, పలికే తీరు వాడిది. రమణ అక్షరాలా పిల్లవాడి ఉచ్చారణనే అచ్చు వేయించాడు గనుక పాఠకుడు కళ్ళతో చదవడం మాని చెవితో చదవవలసి వస్తుంది. గ్రాంథిక వ్యావహారిక వివాదం ముగిసిందనుకొన్న దశకాల తరువాత వ్యావహారికానికి కూడా ఒక బాల్యం ఉందని చూపిన రచన ఇది. శైలీశాస్త్ర పరిశోధనలకు ఇందులో ఇంకా చాలా సరుకు ఉంది.

బొమ్మ చేసిన పని వేరు. వాక్యంలో బుడుగు తానెంత గొప్పవాడో చెబుతాడు. పక్కనే ఉన్న గీతలో వాడెంతవాడో కనిపిస్తుంది. పరిచయం చేసుకొనేవాడి మాటకు, చూసేవాడి కంటికి మధ్య ఉన్న ఈ తేడాయే బాపు–రమణల వ్యంగ్యానికి యంత్రం. ఒక్క రచయిత ఈ పని చేయాలంటే తన మాటను తానే తగ్గించుకోవాలి. ఇద్దరు గనుక ఒకరు పెంచవచ్చు, మరొకరు తగ్గించవచ్చు. అందుకే వీరిద్దరినీ కలిపి ఒక 'రచయిత–చిత్రకారుడు'గా పరిగణించడం అభిమానుల ముద్దుమాటగా మిగలకూడదు, విమర్శలో దాన్నొక పరికరంగా వాడుకోవచ్చు.

6. అప్పు, కోతికొమ్మచ్చి

'ఋణానందలహరి'లో అప్పారావు అప్పులు చేయడంలో సిద్ధహస్తుడు. పుస్తకం పేరే శంకరులకు ఆపాదించే లహరీస్తోత్రాల వరుసలో అప్పును నిలబెడుతుంది. ఇది తమాషాగా కనిపించే గంభీరమైన చర్య. చేతిలో డబ్బు లేనివాడి సామాజిక గుర్తింపు అతడు ఎవరికి బాకీ అన్నదే. అతని నిజమైన ప్రవర ఋణదాతల జాబితా. రమణ ఈ మాటను ఎక్కడా సూత్రీకరించలేదు. సూత్రీకరించి ఉంటే అది వ్యాసమయ్యేది, కథ అయ్యేది కాదు.

తన కథను తాను చెప్పవలసి వచ్చినప్పుడు, డెబ్బై అయిదేళ్ళు దాటాక, రమణ ఎంచుకొన్న పేరు 'కోతికొమ్మచ్చి'. 'స్వాతి' వారపత్రికలో ధారావాహికగా వచ్చి, 2009లో బాపు బొమ్మలతో పుస్తకమైంది. తరువాతి భాగాలకు పెట్టిన పేర్లు 'ఇంకోతికొమ్మచ్చి', 'ముక్కోతికొమ్మచ్చి'. చెట్టు కొమ్మల మీద దొంగకు దొరకకుండా గెంతే పల్లెటూరి ఆట పేరును ఆత్మకథకు పెట్టడంలో ఒక నిర్మాణ ప్రకటన ఉంది. కథనం ఏళ్ళ వరుసలో నడవదు. ఒక జ్ఞాపకం నుంచి మరొకదానికి గెంతుతుంది. ఆటలో ఉన్న నియమం మరొకటి కూడా ఉంది, దొరకకూడదు. పాఠకుడు ఇక్కడ పట్టుకోబోతే కథకుడు మరో కొమ్మ మీద ఉంటాడు. వీరేశలింగం 'స్వీయచరిత్రము'లో కథకుడు న్యాయస్థానంలో వాఙ్మూలం ఇస్తున్నట్టు క్రమంగా మాట్లాడతాడు. రమణ చెట్టెక్కి మాట్లాడతాడు.

ఆ కొమ్మల మీద దాచిపెట్టినది దుఃఖం. తండ్రి లేని ఇల్లు, పరాయి పట్నం, తల్లి పడ్డ కష్టం కథనంలో ఉన్నాయి, కాని అవి వచ్చిన వెంటనే ఒక చమత్కారం వాటి మీద తువ్వాలు కప్పుతుంది. ఈ తువ్వాలును తొలగించి 'పేదరికంలో బాల్యం గడిచింది' అని ఒక వాక్యం రాసుకొంటే జీవితచరిత్రకు సమాచారం దక్కుతుంది. పేదరికాన్ని నవ్వుతో చెప్పుకోవలసిన అవసరం ఆ తరానికి ఎందుకు కలిగిందన్న చారిత్రక ప్రశ్న మాత్రం చేజారుతుంది. డెల్టా పరువు ప్రతిష్ఠల వాతావరణంలో పెరిగిన అగ్రకుల పేదకు జాలి అవమానం. నవ్వించడం ఒక్కటే తలవంచకుండా చేయి చాచే మార్గం. ఇది ఈ వ్యాసకర్త అభిప్రాయం, అప్పారావు సాక్షి.

బాపు తన గురించి ఇంకా తక్కువ చెప్పాడు. మితభాషిగా ప్రసిద్ధుడైన ఆయన అడిగితే ఇతరుల గురించి చెప్పేవాడు. తమిళ చిత్రకారుడు గోపులు పట్ల గౌరవం, బడే గులాం అలీఖాన్ గానం, మెహదీ హసన్ గజళ్ళు, రాముడు. ఈ జాబితాలో ఆయన పేరు లేదు, అయినా ఆయన పూర్తిగా ఉన్నాడు. నరసాపురం తెలుగువాడు మద్రాసులో కూర్చొని కరాచీలో స్థిరపడిన గాయకుని గజలు వింటూ అయోధ్య రాముడికి గీతలు గీయడం దేశవిభజన అనంతర సాంస్కృతిక చరిత్రలో ఒక అధ్యాయం. ఏ ప్రవరా దానిని చెప్పలేదు. గోదావరి మీద తీసిన 'సాక్షి' (1967), 'అందాల రాముడు' (1973) చిత్రాలను కూడా ఇష్టాల జాబితాగానే చూడవచ్చు. నది, పడవ, పల్లె మనుషులు, భద్రాద్రి దారి.

7. గోత్రం లేని పరిచయం

అభిరుచి వచ్చి వంశాన్ని తొలగించిందనడం తొందరపాటు. తనను తాను తక్కువ చేసి చెప్పుకోవడం ఎవరికి సాధ్యం? లోకం తనను ముందే ఒక స్థాయిలో నిలబెట్టినప్పుడే దిగివచ్చే చమత్కారం పండుతుంది. ముళ్ళపూడి, సత్తిరాజు అన్న ఇంటిపేర్లకు డెల్టాలో సంజాయిషీ అక్కరలేదు. అదే గోదావరి జిల్లాలో మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నకు ఆ సౌకర్యం లేదు. ఆయన నాటకం పేరు 'పాలేరు'. చదువుకొని అధికారి అయిన దళిత యువకుడిని ఆ నాటకం అతడు చేసే పని పేరుతోనే పరిచయం చేస్తుంది. అన్నవరం వ్రతకథలోని కట్టెలవాని పద్ధతి ఇది. తేడా ఒక్కటే, కట్టెలవాని పరిచయం అతనిది కాదు, కథకునిది. భీమన్న ఆ పేరును తానే ఎత్తుకొని వేదిక మీద నిలబెట్టాడు. ఇక్కడ వ్యంగ్యానికి చోటు లేదు. తగ్గించుకోవడానికి ముందు నిలబడాలి.

కాబట్టి ఆత్మపరిచయాలను సేకరించే పరిశోధకుడు ఒకే కొలబద్దను వాడలేడు. రమణ నవ్వినచోట భీమన్న ఎందుకు నవ్వలేదని అడగడం తప్పు ప్రశ్న. రమణ నవ్వగలగడానికి ఏమి ఉన్నదని అడగాలి. అంతమాత్రాన రమణ నవ్వు విలువ తగ్గదు. పరువు ఉన్నచోట ఆకలి కూడా ఉన్నదని అది సాక్ష్యమిస్తుంది.

8. శుభలేఖ

రమణ 2011 ఫిబ్రవరి 24న, బాపు 2014 ఆగస్టు 31న చెన్నైలో మరణించారు. బాపు చేతిరాత కంప్యూటరు అక్షరరూపమై ఇంటింటికీ చేరింది. తెలుగు పెళ్ళి శుభలేఖల మీద బుగ్గచుక్క పెట్టుకొని తలవంచుకొన్న వధువు, పల్లకి, మంగళవాద్యాలు ఆయన గీతలోనో, ఆ గీతకు అనుకరణలోనో కనిపిస్తాయి. కార్డు ఎంచుకొనేటప్పుడు కుటుంబం తన అభిరుచిని ప్రకటించుకొంటుంది. కార్డు తెరిస్తే లోపల తాతల పేర్లు, తల్లిదండ్రుల పేర్లు, కొన్నిటిలో గోత్రాలు, ముహూర్తపు తిథి వార నక్షత్రాలు సంకల్పం వరుసలోనే ఉంటాయి. అక్షరాలు మాత్రం బాపువి. అడుగున, పెళ్ళి మరునాడు సత్యనారాయణ వ్రతమని మరో వరుస.